మేము చూచిన పాత చిత్రములు

పాత చలనచిత్రములను గూర్చి వ్రాయువారిలో పెక్కుమంది పట్టణవాసులు. చిత్రము విడుదలయైన మొదటి వారముననే, మెత్తని కుర్చీలో కూర్చుండి, మచ్చలేని క్రొత్త ప్రతిని చూచిన అదృష్టవంతులు. మేము అట్టివారము కాము. నెల్లూరు జిల్లా పడమటి కొసన, ఉదయగిరి దుర్గపు నీడలోను, పెన్నకు చేరువనున్న ఆత్మకూరులోను సినిమాలు చూచి పెరిగినవారము. ఒక చిత్రము మద్రాసులో ఆడి, విజయవాడలో ఆడి, నెల్లూరులో నిండు సభలకు ఆడి, అంతట తిరిగి అలసిపోయిన పిదప మా ఊరి డేరాకు వచ్చెడిది. అప్పటికి దాని ఒంటినిండ గీతలు, అతుకులు. దూరప్రయాణము చేసి, దుమ్ము కొట్టుకొని, అర్ధరాత్రివేళ తలుపు తట్టిన చుట్టము వలె వచ్చెడిది. చుట్టము ఎట్లు వచ్చినను చుట్టమే గదా!

అందువలన పాత చిత్రములను గూర్చిన మా అభిప్రాయములు కొంత వేరుగా నుండును. నునుపైన ప్రతిలో ఏ చిత్రమైనను కన్నులకు ఇంపుగా కనిపించును. సగము తెగి, సగము మసకబారి, మాట మధ్యలో మాట ఎగిరిపోయిన ప్రతిలో చూచినను ఏ చిత్రము మనసున నిలిచెనో అదియే గట్టి చిత్రమని మా లెక్క. ఈ గీటురాయిపై నిలిచిన చిత్రములను గూర్చియు, వాటిని మాకు నిలిపిపెట్టిన మనుష్యులను గూర్చియు ఈనాడు నాలుగు మాటలు చెప్పదలచితిమి.

టూరింగు టాకీసు అనగా ఏమో నేటి పిల్లలకు కొంత వివరింపవలసి యున్నది. ఊరి వెలుపల బీటిలో గుంజలు పాతి, పైన గుడ్డ కప్పి, ఒక కొసన తెర కట్టెడివారు. నేల, బెంచీ, కుర్చీ అని మూడు తరగతులు. నేల తరగతిలో ఆడువారికి, మగవారికి నడుమ ఒక తడిక. కరెంటు ఇంకను రాని ఊళ్ళలో ఆయిలు ఇంజను తెచ్చుకొనెడివారు. దాని దడదడ శబ్దము పాటలకు తోడైన మరియొక వాద్యము. పగటివేళ ఒంటెద్దు బండికి రెండు ప్రక్కల బొమ్మలు కట్టి, డప్పు వాయించుచు, రంగు కాగితములపై అచ్చువేసిన నోటీసులు విసరుచు ఊరూర తిరిగెడివారు. ఆ కాగితము కొరకు బండి వెంట పరుగెత్తని బిడ్డ మా ప్రాంతమున లేడు. సాయంకాలము డేరాపై మైకులో ఘంటసాలవారి భక్తిగీతము వినబడినచో టిక్కెట్లు ఇచ్చుచున్నారని అర్థము. ఆ పాట పొలములో వినబడినచో కొడవలి గడపలో పడవేసి వచ్చినవారిని మేమెరుగుదుము.

ముందుగా ప్రభుత్వము వారి వార్తాచిత్రము. 1948లో ఏర్పడిన ఫిలిమ్స్ డివిజన్ వారు తీసిన ఆ చిన్న చిత్రములను ప్రతి సినిమాహాలులోను వేయవలెనని నిబంధన. ఆనకట్టలు, వరదలు, విదేశములనుండి వచ్చిన అతిథులు అందులో కనిపించెడివారు. మా ఊరిలో ప్రధానమంత్రిని కదలుచుండగా మొట్టమొదట చూచినది ఆ గుడ్డపైననే. తరువాత అసలు కథ.

వేయి అడుగుల ఫిలిము చుట్ట తెరపై నడచునది సుమారు పదకొండు నిమిషములు. మూడు గంటల చిత్రమునకు పదునారు, పదునేడు చుట్టలు కావలెను. పట్టణపు హాళ్ళలో రెండు యంత్రములుండును గనుక ఒక చుట్ట ముగియగానే రెండవది అందుకొనును. మా డేరాలో ఉన్నది ఒక్కటే యంత్రము. చుట్ట మార్చునప్పుడెల్ల చీకటి, కేకలు, బీడీల నిప్పులు. ఫిలిము తెగినచో ఆపరేటరు రెండు కొసలను కత్తిరించి జిగురుతో అతికించును. సెకనుకు ఇరువదినాలుగు బొమ్మలు నడచును గదా. ఒక్కొక్క అతుకునకు కొన్ని బొమ్మలు పోవును. అట్లు ఊరూర తెగి తెగి, మా ఊరికి వచ్చునప్పటికి కథానాయకుడు తలుపు తెరచుటయు, నది ఒడ్డున నిలుచుటయు ఒక్క అడుగులో జరిగిపోయెడిది.

ఒకమారు ఉదయగిరిలో 'మాయాబజార్' ఆడుచున్నది. ఘటోత్కచుడు పెండ్లివారి భోజనములకు ఎదుట కూర్చుండు ఘట్టము వచ్చినది. లడ్డూల రాశి కనిపించినదో లేదో, ఫిలిము తెగినది. అతికించిరి, మరల తెగినది. ఆ చుట్ట ఇక పనికిరాదని ఆపరేటరు దానిని విడిచి తరువాతి దానిని ఎక్కింపసాగెను. డేరా అంతయు గగ్గోలు. అప్పుడు నేల తరగతిలో నుండి బండి తోలుకొని బ్రతుకు ఒక పెద్దాయన లేచి, తాను నెల్లూరులో రెండు మారులు చూచితినని, అక్కడ ఏమి జరుగునో చెప్పసాగెను. పళ్ళెములు ఎట్లు జరుగునో, లడ్డూలు నోటిలోనికి ఎట్లు ఎగురునో చేతులతో చూపుచు, తువ్వాలును గద వలె భుజమున వేసికొని, రంగారావుగారి నవ్వు నవ్వెను. జనము విరగబడి నవ్విరి. కొన్ని సంవత్సరములకు మేము అదే చిత్రమును సమగ్రముగా చూచితిమి. ఆ ఘట్టము ఆయన చెప్పినంత పొడవు లేదు. మాకు కొంచెము నిరుత్సాహము కలిగినదని ఒప్పుకొనక తప్పదు.

'మాయాబజార్' 1957 మార్చిలో విడుదలయైన చిత్రము. కె.వి.రెడ్డిగారి దర్శకత్వము, పింగళి నాగేంద్రరావుగారి మాటలు, మార్కస్ బార్‌ట్లీగారి ఛాయాగ్రహణము. కృష్ణుడుగా ఎన్.టి.రామారావుగారు, అభిమన్యుడుగా అక్కినేని నాగేశ్వరరావుగారు, శశిరేఖగా సావిత్రిగారు, ఘటోత్కచుడుగా ఎస్.వి.రంగారావుగారు. భారతకథను ఆధారము చేసికొనిన ఈ చిత్రమున పాండవులు ఒక్కమారైనను కనిపింపరు. ఆ లోటు చూచువానికి తోచదు. కథ చెప్పుటలో ఇంతకంటె నేర్పు ఏమి కావలెను?

ఇక సావిత్రిగారి మాట. ఘటోత్కచుడు శశిరేఖ రూపము ధరించినప్పుడు ఆమె నడకలో రంగారావుగారి నడక, ఆమె కనుబొమలో ఆయన కనుబొమ వచ్చిచేరును. ఎన్ని గీతలు పడిన ప్రతిలోనైనను ఆ కనుబొమ లేచుట మాకు కనబడెను. బార్‌ట్లీగారు సృష్టించిన కృత్రిమపు వెన్నెల మాత్రము మా డేరాలో మాకు దక్కలేదు. ఆ పడవపాట మాకు నల్లని వానలో నడచిన పడవ వలె కనిపించినది. పాట మాత్రము చెడలేదు. పింగళివారు కల్పించిన మాటలును చెడలేదు. కంబళికి జోడుగా 'గింబళి', అస్మదీయులకు ఎదురుగా 'తసమదీయులు' అని ఆయన పుట్టించిన మాటలు డేరా ఎత్తివేసిన తరువాత మా వీధిలో నిలిచిపోయినవి. గోలీలాటలో ఎదుటి పక్షమునకు మేము పెట్టిన పేరు తసమదీయులు.

2010 జనవరిలో ఈ చిత్రమునకు రంగులద్ది విడుదల చేసిరి. రంగుల వలన క్రొత్త తరము వారు హాలుకు వచ్చిరి, అది మేలే. విందు ఘట్టమునకు రంగు అందము తెచ్చినది. అయినను వెన్నెల విషయమున మా మనసు నలుపు తెలుపులనే కోరును. వెలుగు నీడలతోనే వెన్నెల పుట్టింపవలెనని పూనిన మనిషి పనికి రంగు వేయుట, వెన్నెలకు దీపము పట్టుట వంటిది. మచ్చలేని నలుపు తెలుపు ప్రతిని తీరికగా చూచిననాడు, ఇంతకాలము మేమేమి కోల్పోయితిమో తెలిసినది.

ఇక 'మల్లీశ్వరి'. బి.ఎన్.రెడ్డిగారు 1951లో తీసిన ఈ చిత్రమును తెలుగువారు పువ్వులలో పెట్టుకొని పూజింతురు. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు సినిమాకు తొలిసారి పాటలు వ్రాసినది ఇందులోనే. సాలూరి రాజేశ్వరరావుగారి సంగీతము, భానుమతిగారి గానము, నటన. వాన కురియు రాత్రి పాడుబడిన మండపములో బావామరదళ్ళు, మారువేషమున వచ్చిన కృష్ణదేవరాయలకు ఎదురగుదురు. పరిహాసమునకు ఆడిన మాటకు పల్లకి ఇంటికి వచ్చును. ఆ పల్లకియే ఇద్దరిని విడదీయును. కడకు రాయలు కరుణించును.

ఈ కథను ఉదయగిరిలో కూర్చుండి చూచుట వేరొక అనుభవము. డేరా వెలుపలికి వచ్చి తలయెత్తినచో, సముద్రమట్టమునకు మూడువేల అడుగుల ఎత్తున నిలిచిన కొండయు, దానిపై కోటగోడయు చీకటిలో కనిపించును. ఆ కోటను గజపతులనుండి గెలుచుకొనుటకు ఆ కృష్ణదేవరాయలే 1513లో ముట్టడి సాగించి, ఏడాదిన్నర కాలము ఇక్కడ సేనలను నిలిపెను. 1514లో కోట వశమైనది. ఇక్కడి బాలకృష్ణుని విగ్రహమును రాజధానికి తరలించి, ఆలయము కట్టించి 1515లో ప్రతిష్ఠించెను. హంపీలోని కృష్ణాలయము అదియే. ఆ విగ్రహము నేడు చెన్నైలోని ప్రభుత్వ మ్యూజియమున నున్నది.

'మల్లీశ్వరి' చూచి వచ్చుచు మా పెద్దలలో ఒకరు, "పిల్లను పంపించినాడు సరే, మన కృష్ణుని ఎప్పుడు పంపించునో" అనిరి. అందరు నవ్విరి. ఆ నవ్వు మాకు నేటికిని జ్ఞాపకమున్నది. చిత్రముపై ఆ పెద్దమనిషికి ప్రేమ లేకపోలేదు. మూడు రాత్రులు వరుసగా చూచినవాడు. అయినను తెరపైనున్న రాయలు వేరు, కొండ క్రింద మనుష్యులు విన్న రాయలు వేరు అని ఆయనకు తెలియును. చిత్రమును ప్రేమించుచు, తన ఊరి జ్ఞాపకమును విడువకుండుట గొప్ప రసజ్ఞత యని మా అభిప్రాయము. 1962లో వచ్చిన 'మహామంత్రి తిమ్మరుసు'లో రామారావుగారు రాయలుగను, గుమ్మడివారు తిమ్మరుసుగను నటించిరి. మేలుచేసిన మంత్రినే శిక్షించిన రాయలు అందు కనిపించును. ఈ రెండు చిత్రములను ఒకదాని తరువాత ఒకటి చూచినవారికి రాజు కరుణ ఎంత పలుచనిదో బోధపడును.

మా జిల్లావారు తెరపై కనిపించినప్పుడు డేరాలో లేచు సందడి వేరు. 1921లో జగదేవిపేటలో పుట్టిన రమణారెడ్డిగారు అట్టివారిలో మొదటివారు. వెదురుబద్ద వంటి శరీరము, కలుపుగోలు కుటిలత్వము. 'మాయాబజార్'లో చిన్నమయ్య, 'మిస్సమ్మ'లో డేవిడ్, 'గుండమ్మ కథ'లో గంటయ్య. ఆయన నోట నెల్లూరు పలుకు తొంగిచూచినప్పుడు, ఇంటి మనిషి తెరపైకి ఎక్కినట్లు మాకు గర్వము. 1974లో ఆయన మరణించినప్పుడు, ఇక ఎవరు మనలను ఇంత తియ్యగా మోసగింతురని అనుకొంటిమి. దర్శకులు పి.పుల్లయ్యగారు నెల్లూరువారు. ఆచార్య ఆత్రేయగారు ఆనాటి మా జిల్లాలోని మంగళంపాడులో పుట్టినవారు. ఈ ఇద్దరు కలసి పనిచేసిన 'అర్ధాంగి' 1955లో వచ్చినది. అందలి మాటలు గట్టిగా అరచి చెప్పునవి కావు. ఇంటిలో అత్తాకోడళ్ళు నిజముగా ఆడుకొను మాటలవలె నుండెను. ఇంజను చప్పుడులో కొన్ని మాకు వినబడలేదు. వినబడినవి ఇంటికి వచ్చి పొయ్యిదగ్గర మరల చెప్పుకొంటిమి.

ఇంతవరకు పొగడితిమి గనుక కొంత తెగడుటయు న్యాయము. పాతదంతయు బంగారమని మేము చెప్పము. 'మిస్సమ్మ'లో ఉద్యోగము దొరకక అలమటించు ఇద్దరు పట్టభద్రులు భార్యాభర్తలమని అబద్ధమాడి బడిపంతుళ్ళగుదురు. చక్రపాణిగారి హాస్యము చల్లగా సాగిపోవును. కాని మేరీ అను క్రైస్తవబాలిక తప్పిపోయిన జమీందారు బిడ్డ యని తేలినగాని కథకు సుఖాంతము దొరకలేదు. మేరీ మేరీగానే మిగిలియుండిన ఎంత బాగుండెడిదని మా ఇంటి ఆడువారు ఆనాడే అనిరి. 1962 నాటి 'గుండమ్మ కథ'లో సూర్యకాంతముగారు లేనిచో ఆ గుండమ్మ వట్టి గయ్యాళి. ఆమె కంఠమున ఒక ఒంటరి ఆడుదాని భయము కూడ వినిపించినందుననే ఆ పాత్ర బ్రతికినది.

డేరాలో అందరు సమానులని చెప్పుట కూడ తేలిక. నేల టిక్కెట్టు కొన్నవారందరు ఒకే ఇసుకపై కూర్చుండిరన్నది నిజము. అయినను ఊరికి వెలుపల పేటలనుండి వచ్చినవారు చాలకాలము ఒక మూలకు ఒదిగి కూర్చుండుటను మేము కన్నులార చూచితిమి. గూడవల్లి రామబ్రహ్మముగారు 1938లోనే 'మాలపిల్ల' తీసి ఈ మూలను గూర్చి ప్రశ్నించిరి. మరుసటి సంవత్సరము 'రైతుబిడ్డ' తీసి జమీందార్ల ఆగ్రహమునకు గురియైరి. తెర అడిగిన ప్రశ్నకు తెర ఎదుట కూర్చున్నవారు సమాధానము చెప్పుటకు ఎంతో ఆలస్యము చేసిరి. పాత చిత్రములను తలచుకొనునప్పుడు ఈ ఆలస్యమును కూడ తలచుకొనవలెను.

డేరా రాని వర్షాకాలమున మాకు దిక్కు రేడియో. ఆకాశవాణివారు 'సంక్షిప్త శబ్దచిత్రము' అను పేర మూడు గంటల చిత్రమును ఒక గంటకు కుదించి వినిపించెడివారు. బొమ్మ లేకుండ సినిమా ఏమి సినిమా యని పట్టణపువారు నవ్వవచ్చును. తెగిన ఫిలిముకు అలవాటుపడిన మాకు అది క్రొత్తకాదు. డేరాలో మాట తెగినచో బొమ్మ చూచి ఊహించితిమి. రేడియోలో మాట విని బొమ్మ ఊహించితిమి. రేడియో ఉన్న ఇంటి అరుగుపై పదిమంది చేరెడివారు. చిత్రమును ముందే చూచినవాడు నడుమనడుమ, "ఇప్పుడు ఆమె తలుపు చాటుననున్నది" అని మెల్లగా చెప్పెడివాడు.

టెలివిజను మాకు ఆలస్యముగా వచ్చినది. 1975 ఆగస్టు నుండి ఒక సంవత్సరము ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు ప్రసారములు సాగినవి. ఆంధ్రప్రదేశ్ అందులో ఉన్నది గాని మా గ్రామములు లేవు. 1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము ఆరంభమైనది. ఆ ప్రసారము మా కొండలు దాటి రాలేదు. ఆనాటి మా జిల్లాలోనే, తూర్పున శ్రీహరికోటలో 1971 నుండి రాకెట్లు ఎగురుచున్నవి. పడమట మేము బొమ్మపెట్టె కొరకు ఎదురుచూచుచున్నాము! 1983లో ఇన్సాట్-1బి ఉపగ్రహము ఎగిరిన తరువాత దేశమంతట చిన్న ప్రసారకేంద్రములు వెలసినవి. ఆ దశాబ్దమునందే మా వీధికి మొదటి పెట్టె వచ్చినది. చెక్క తలుపులు గల నలుపు తెలుపు పెట్టె. మిద్దెపై ఏంటెన్నా. ఒక కుర్రవాడు పైనెక్కి గడను త్రిప్పుచు, "వచ్చిందా?" అనును. క్రిందనున్నవారు, "వచ్చింది, పోయింది" అందురు. బొమ్మ నిండ తెల్లని చుక్కలు. మాకేమియు వింత తోచలేదు. ఫిలిముపై గీతలు పోయి చుక్కలు వచ్చినవి, అంతే.

1987 జనవరి 25న రామానందసాగర్‌గారి 'రామాయణ్' ఆరంభమైనది. 1988 జూలై వరకు ప్రతి ఆదివారము ఉదయము నడచినది. భాష హిందీ. మా వీధిలో హిందీ వచ్చినవారెవ్వరు? ఉదయగిరి చెక్క చెంచాలకు, గరిటెలకు పేరుపొందిన ఊరు. ఆ పనిచేయు కుటుంబములు చాలవరకు ఇంట ఉర్దూ మాటలాడును. అట్టి కుటుంబములోని పెద్దాయన ఒకరు, మేము సాయిబుతాత అని పిలుచువారము, పెట్టె ప్రక్కన గోడకానుకొని కూర్చుండెడివారు. ఆ ధారావాహికలోని హిందీ సంస్కృతపు మాటలతో నిండినది. 'వచనము', 'ధర్మము', 'వనవాసము' వంటివి మాకు తెలిసినవి, తాతకు తెలియనివి. క్రియాపదములు తాతకు తెలిసినవి, మాకు తెలియనివి. ఆయన సగము, మేము సగము కలిపి వాక్యము పూర్తిచేసికొంటిమి. భరతుడు పాదుకలు శిరమున పెట్టుకొని మరలు ఘట్టమున తాత చెప్పుట మానివేసెను. ఎందుకని చూచితిమి. కండ్లు తుడుచుకొనుచుండెను. ఆ ఘట్టమునకు అనువాదము అవసరము లేదు.

ఆ ధారావాహిక చిత్రకళ దృష్ట్యా గొప్పదా యని అడిగినచో మేము కొంత సందేహింతుము. అట్టహాసపు కిరీటములు, ఒక బాణము ఇంకొక బాణమును చేరుటకు పట్టు దీర్ఘకాలము, ముఖము వెంట ముఖము చూపు పద్ధతి మాకు అంతగా రుచింపలేదు. 'మాయాబజార్' చూచిన కన్నులకు ఆ మాయలు చిన్నపిల్లల ఆటలు. 2020లో మహమ్మారి కారణమున జనులు ఇండ్లలో ఉండిపోయినప్పుడు దూరదర్శన్ దానిని మరల ప్రసారము చేసినది. మేము మరల చూచితిమి. బొమ్మ స్వచ్ఛముగా నున్నది. సాయిబుతాత లేరు. వాక్యములు సగము సగముగానే మిగిలిపోయినవి.

హైదరాబాదు కేంద్రపు కార్యక్రమములు అందిన తరువాత శుక్రవారపు 'చిత్రలహరి' పాటలు, వారమునకొక తెలుగు చిత్రము మాకు పండుగ. పాత చిత్రములను మొదలు నుండి కడవరకు తెగకుండ చూచినది అప్పుడే. డేరాలో పోయిన చుట్టలు అప్పుడు దొరకినవి. ఆ మేలును మరువరాదు. తరువాత 1995 నుండి ప్రైవేటు చానళ్ళు వచ్చినవి. చిత్రములు రోజుకు నాలుగైదు. నడుమ ప్రకటనలు. అక్కడ తెగినప్పుడు కథ చెప్పుటకు ఎవ్వరు లేవరు. సబ్బు అమ్మువారు లేతురు. నేడు ఫోనులో ఏ చిత్రమైనను క్షణములో దొరకును. ఒక్కొక్కరికి ఒక్కొక్క తెర. ఒకే ఇంటిలో నలుగురు నాలుగు చిత్రములు చూచుచు, ఒకరి నవ్వు ఒకరికి తెలియకుండ నవ్వుకొనుచున్నారు.

అన్నియు దొరకుననుట కూడ నిజము కాదు. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932 నాటిది. దాని ప్రతి ఒక్కటియు మిగులలేదు. ఆ దశాబ్దపు చిత్రములు అనేకము అట్లే పోయినవి. 1950 ప్రాంతము వరకు వాడిన నైట్రేటు ఫిలిము నిప్పును తొందరగా పట్టుకొనును. నిలువయుంచిన చోట పొడియై పోవును. తరువాత వచ్చిన ఎసిటేటు ఫిలిము వేడికి, తేమకు పులిసి వినిగరు వాసన కొట్టి ముడుచుకొనిపోవును. పూనాలో జాతీయ చలనచిత్ర భండారము ఏర్పడినది 1964లో. అప్పటికే కాలము చేసినవాటిని ఎవ్వరు తేగలరు? మా డేరాలవంటి చోట్ల ఆడి ఆడి అరిగిన ప్రతులను ఎవ్వరును దాచలేదు.

ప్రతులు దాచుట ప్రభుత్వము పని, సంస్థల పని. చూచినవారి జ్ఞాపకము దాచుట మాత్రము మన ఇండ్లలో జరుగవలసిన పని. ఏ ఊరిలో ఏ చిత్రము చూచి ఎవరు ఏడ్చిరో, ఏ మాటకు డేరా అంతయు నవ్వెనో, ఏ ఘట్టమున మా అమ్మమ్మ తడిక మీదుగా తొంగిచూచెనో ఏ భండారములోను దొరకదు. ఆ జ్ఞాపకముగల వారికి నేడు ఎనుబది దాటినవి. ప్రతి సంవత్సరము కొందరు తరలిపోవుచున్నారు. వారితో ఒక్కొక్క చుట్ట పోవుచున్నది.

ఆ కాలమున డేరా దగ్గర పాటల పుస్తకములు అమ్మెడివారు. అందు కథ సగము వ్రాసి, మిగిలినది వెండితెరపై చూడవలెనని ముగించెడివారు. మాకు వెండితెరపై కూడ కొంత మిగిలిపోయెడిది. ఆ మిగిలినది బండి తోలు పెద్దాయన చెప్పెను, అరుగుపై కూర్చున్నవాడు చెప్పెను, సాయిబుతాత చెప్పెను. పాత చిత్రములు మాకు పూర్తిగా దక్కినవన్నచో అది ప్రక్కన కూర్చున్న మనిషి వలననే.

కనుక మా విన్నపము చిన్నది. ఈ ఆదివారము ఇంటిలో అందరు కలసి ఒక పాత చిత్రమును మొదలు నుండి కడవరకు చూడుడు. పెద్దవారిని నడుమ కూర్చుండబెట్టుడు. వారు నడుమనడుమ మాటలాడుదురు, పిల్లలు విసుగుకొందురు. విసుగుకొన్నను మానిపింపకుడు. వీలున్నచో చిత్రమును ఒక నిమిషము ఆపి, వారు దానిని మొదట ఎక్కడ చూచిరో, అప్పుడు తెర ఎక్కడ తెగెనో, ఆ తెగినచోట ఎవరు లేచి ఏమి చెప్పిరో అడుగుడు. తరువాత చిత్రమును మరల నడిపింపవచ్చును. అది ఎక్కడికిని పోదు.